ముహూర్తానికి అడ్డం వచ్చిన సూర్యుడు

ప్రారంభోత్సవం అనే మాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఉద్యోగం వదిలి ఇన్నేళ్ళయినా, మా వీధి చివర కొత్త బట్టల దుకాణం ముందు రిబ్బను కట్టి కనిపిస్తే అటు పోకుండా చుట్టు తిరిగి పోతాను. మా కోడలు నవ్వుతుంది. "అత్తమ్మా, గా రిబ్బన్ మిమ్ముల ఏం జేసింది?" అంటుంది. ఈ మధ్య ఇంజినీరింగ్ చదివే పిల్లలు కొందరు నన్ను తమ కాలేజీకి పిలిచి, "మీ సర్వీసులో అతి పెద్ద టెక్నికల్ సమస్య ఏది మేడం?" అని అడిగారు. పిల్లలు కదా అని అక్కడ మర్యాదగా ఏదో చెప్పి, వాళ్ళు కప్పిన శాలువా మడిచి పట్టుకుని ఇంటికి వచ్చాను. అసలు జవాబు ఇది. ఓపిక ఉన్నవాళ్ళు చదువుకోండి.

ఎనభైల నడుమ సంగతి. వరంగల్లు బయట, ఒక రాతిగుట్ట పక్కన, ఉపగ్రహం ద్వారా టెలిఫోను మాటలు నడిపే కేంద్రం ఉండేది. నేను అందులో సీనియర్ ఇంజినీరును. రేడియో తరంగాలకు సంబంధించిన పనంతా నాది. కాశిబుగ్గలో మగ్గం నేసే ఇంట్లో పుట్టిన ఆడపిల్ల ఆకాశం వైపు డిష్ తిప్పుకుంటూ బతకడం మా బంధువులకు అప్పట్లో ఒక వినోదం. "ఏం కనవడ్తదే అండ్ల?" అని అడిగేవాళ్ళు. ఏమీ కనపడదు, వినపడుతుంది అంతే అని చెప్పేదాన్ని. పైన ముప్పై ఆరువేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం భూమితో పాటే తిరుగుతుంది కాబట్టి, మనకు ఎప్పుడూ ఒక్కచోటే నిలబడినట్టు ఉంటుంది. ఇక్కడి డిష్ నుంచి పైకి పోయిన మాట, అదే ఉపగ్రహం వైపు చూస్తున్న ఇంకో డిష్ ఎక్కడుంటే అక్కడ దిగుతుంది. మధ్యలో స్తంభాలు, తీగలు ఏమీ అక్కర్లేదు.

ఆ 'ఇంకో డిష్' ఏటూరునాగారంలో పెట్టాలని నిర్ణయమైంది. ములుగు దాటితే అంతా అడవి. రోడ్డు పొడుగునా స్తంభాల మీద ఒక టెలిఫోను తీగ ఉండేది, పేరుకు. వానాకాలం చెట్టు విరిగి పడి తెగేది. ఎండాకాలం రాగి కోసం ఎవరో కోసుకుపోయేవారు. చలికాలం కొంచెం పని చేసేదంటారు, నేనైతే ఎప్పుడూ వినలేదు.

అక్కడి దవాఖానలో ఒక నర్సు ఉండేది. వాళ్ళది హన్మకొండ, క్రైస్తవుల కుటుంబం. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడల్లా ఆదివారం చర్చికీ, సోమవారం మా ఆఫీసుకూ వచ్చేది. రెండుచోట్లా ఒకే కోరిక కోరేదని నా అనుమానం. కుర్చీలో కూర్చోమన్నా కూర్చునేది కాదు.

"మేడం, గా డిష్ మా కాడ ఎప్పుడు పెడ్తరు? జర నిజం చెప్పుండ్రి" అనేది.

"పై నుంచి మంజూరు రావాలమ్మా" అంటే, "పై నుంచి అంటే గా పై నుంచా, ఢిల్లీ నుంచా?" అని ఆకాశం వైపు వేలు చూపించేది.

నవ్వుతూనే అడిగేది గాని, దాని వెనక ఉన్న సంగతి ఒకసారి చెప్పింది. అంతకు ముందటి వానాకాలం ఒక బాలింతకు నెత్తురు ఆగలేదట. డాక్టరు ఏదో మీటింగుకు ములుగు వెళ్ళి ఉన్నాడు. "నేను ఫోన్ తిప్పుతనే ఉన్న మేడం. పొద్దుగూకేదాక తిప్పిన. చేతిల ఫోన్ ఉండె, అండ్ల సప్పుడు లేకుండె. గామె నా మొఖమే చూసుకుంట పోయింది." ఆ రోజు తర్వాత ఆ డిష్ మంజూరు ఫైలు మీద నేను ఎవరినీ కూర్చోనివ్వలేదు.

చివరికి డిష్ వచ్చింది, ఒక మెలికతో. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి, ఇంజినీరు కాదు, పరిపాలన వైపు మనిషి, స్పష్టంగా చెప్పాడు: ఇలాంటి సెట్టు మా దగ్గర ఒక్కటే మిగిలింది, దీని కోసం వేరే జిల్లావాళ్ళు కూడా తిరుగుతున్నారు. ప్రారంభోత్సవం రోజు మంత్రిగారి ముందు సరిగ్గా పని చేస్తే ఇక్కడే ఉంచుతాం, లేకపోతే విప్పి అక్కడికి పంపుతాం. నాకు అందులో అన్యాయం ఏమీ కనపడలేదు. పని చేయించడం నా పని. చేయిస్తాను అనుకున్నాను. మంత్రిగారి ముందు పని చేయడం వేరే శాస్త్రం అని అప్పటికి తెలియదు.

వానలు వెనకబడగానే ఏటూరునాగారం దవాఖాన ఆవరణలోనే డిష్ బిగించాం. మొదటి రోజే మాట కలిసింది. మాట అంత దూరం పోయి రావాలి కాబట్టి జవాబు రావడానికి కొంచెం ఆలస్యమవుతుంది. తెలియనివాళ్ళు ఆగకుండా ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తారు. నర్సు మాత్రం పది నిమిషాల్లో పట్టుకుంది. చెప్పి ఆగేది, విని చెప్పేది. "మేడం, మీరు పక్క రూముల ఉండి మాట్లాడినట్టే ఉన్నది" అని ఏడ్చినంత పని చేసింది. నేను కూడా అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

మరునాటి నుంచి వాడుకోవచ్చు కదా? వీల్లేదు. ప్రారంభం కానిది వాడకూడదని మా పెద్దసారు ఆజ్ఞ. పరీక్ష చేసుకోవచ్చు, అవసరానికి మాట్లాడకూడదు. "మరి ఎప్పుడు సార్ ప్రారంభం?" అంటే, "ఇప్పుడెలాగమ్మా, పితృపక్షాలు కదా!" అన్నాడు.

మా పెద్దసారు గురించి చెప్పాలి. కృష్ణాజిల్లా వైపు మనిషి. తంతి తీగల కాలంలో ఉద్యోగంలో చేరి, స్తంభాలెక్కి పైకొచ్చినవాడు. చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే భార్య చేత మిరియాల చారు చేయించి పంపిన మనిషి. అయితే గతంలో ఆయన ఒక ఎక్స్ఛేంజీని ముహూర్తం చూడకుండా ప్రారంభించాడట, నెల తిరగకముందే దాని మీద పిడుగు పడిందట. అప్పటి నుంచి ఆఫీసులో కొత్త కుర్చీ దింపాలన్నా పంచాంగం తీసేవాడు. పిడుగును నేలలోకి దింపే తీగ సరిగ్గా బిగించకపోవడం వల్లే ఆ నష్టం జరిగిందని ఎవరూ ఆయనకు చెప్పినట్టు లేదు, లేదా చెప్పినా వినలేదు.

సరే, పితృపక్షాలు పోయాక అన్నారు. అమావాస్య దాటి, వాకిళ్ళలో బతుకమ్మ పాటలు మొదలయ్యాక ఒక రోజు ఖాయమైంది. మధ్యాహ్నం పన్నెండు గంటల ఇరవై ఆరు నిమిషాలు. మంత్రిగారు వరంగల్లులో ఫోను ఎత్తి, ఏటూరునాగారంలో ఉన్న నర్సుతో మాట్లాడాలి. నేను ఆ కాగితం చూసి తల పట్టుకున్నాను.

ఎందుకో చెబుతాను. సంవత్సరానికి రెండుసార్లు, మార్చిలో ఒకసారి, వానలు పోయాక దసరా దగ్గర్లో ఒకసారి, కొన్ని రోజుల పాటు సూర్యుడు మిట్టమధ్యాహ్నం వేళ సరిగ్గా ఉపగ్రహం వెనకకు వస్తాడు. ఉపగ్రహాన్ని చూస్తున్న డిష్ అప్పుడు సూర్యుడినీ చూస్తుంది. సూర్యుడు వెలుగే కాదు, రేడియో రొద కూడా పోస్తాడు. లారీ హెడ్‌లైటు ముందు ఎవరో దీపం పట్టుకుని నిలబడితే ఆ దీపం మనకు కనపడనట్టు, ఆ రొదలో ఉపగ్రహం గొంతు మునిగిపోతుంది. ఎవరూ ఏమీ చేయలేరు. కొద్ది నిమిషాల్లో సూర్యుడు పక్కకు జరుగుతాడు, అంతా మామూలైపోతుంది. ఇది ఎప్పుడు వస్తుందో ముందే లెక్క కట్టవచ్చు. కట్టాను. పెద్దసారు పెట్టించిన ముహూర్తం ఆ కొద్ది నిమిషాలకు నట్టనడుమ ఉంది. కావాలని వెతికి పెట్టినా అంత బాగా కుదరదు.

వెళ్ళి చెప్పాను. ఆయన సగం విన్నాడు. మిగతా సగం షామియానావాడితో మాట్లాడుతున్నాడు.

ఆ పక్కనే ఇంకో ముచ్చట జరిగింది. మంత్రిగారు వస్తున్నారంటే మా సివిల్ విభాగంవాళ్ళకు ఒక్కటే మంత్రం, రంగు. గోడలకు వేశారు, గేటుకు వేశారు, రాళ్ళకు వేశారు. ఒక పొద్దున నేను వచ్చేసరికి సిగ్నల్ సగానికి సగం పడిపోయి ఉంది. పరికరాలన్నీ విప్పి చూశాను. చివరికి బయటికొచ్చి పైకి చూస్తే, డిష్ ముందు నాలుగు కాళ్ళ మీద ఉండే మూతి, అసలు తరంగాలన్నీ పోయేదీ వచ్చేదీ దానిలోనుంచే, దాని ఫైబర్ మూతకు తళతళా మెరిసే వెండి రంగు వేసి ఉంది. వెండి రంగు అంటే అల్యూమినియం పొడి. లోహం. తరంగాలు దాన్ని దాటలేవు. నా నోట్లో నుంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. మా టెక్నీషియనూ నేనూ నిచ్చెనేసుకుని పొద్దంతా గీకాం. పెద్దసారు కింద నిలబడి, "అయ్యో, షైనింగ్ పోయిందే!" అన్నాడు.

మా టెక్నీషియన్ది కూడా కాశిబుగ్గే, మా నాన్న ఈడు మనిషి. ఆఫీసులో అందరూ నన్ను మేడం అంటే ఆయన మాత్రం బిడ్డా అనేవాడు. నిచ్చెన మీద నుంచి నా చెవిలో, "బిడ్డా, వీళ్ళు సూర్యునికి సుత రంగేస్తరేమో అడుగు, నీ ఫికరన్న పోతది" అన్నాడు.

ప్రారంభానికి ముందు రోజు చివరి ప్రయత్నం చేశాను. మధ్యాహ్నం పెద్దసారు చెయ్యి పట్టుకున్నంత పని చేసి డిష్ దగ్గరికి తీసుకుపోయాను. ఆ సమయంలో డిష్ మూతి నీడ సరిగ్గా డిష్ నడిమధ్యన పడుతుంది. సూర్యుడు, ఉపగ్రహం, మూతి, డిష్ అన్నీ ఒకే గీత మీద ఉన్నాయనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? లోపల స్పీకరులో రొద మొదలై, పెరిగి, హోరుమని నిండిపోయింది. నేను నీడ చూపించి, రొద వినిపించి, "చూడండి సార్, రేపు కూడా ఇదే టైముకు ఇదే" అన్నాను.

ఆయన ఆ నీడను చాలాసేపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, తల ఎత్తి, రెండు చేతులూ జోడించాడు.

"సాక్షాత్తూ సూర్యనారాయణమూర్తి మన డిష్‌లోకి దిగాడమ్మా. సరిగ్గా ముహూర్తం వేళకి! ఇంతకంటే శుభం ఏముంటుంది?" అన్నాడు.

ఆయన కళ్ళు చెమర్చాయి. నావి కూడా చెమర్చాయి, కారణం వేరే.

ఆ సాయంత్రం నేను ఆఫీసు పని వదిలేసి ముహూర్తం పెట్టిన పంతులుగారింటికి పోయాను. నా సర్వీసులో రేడియో తరంగాల పని మీద పంతులుగారింటికి పోవడం అదొక్కసారే. ఆయన వసారాలో కూర్చుని మొత్తం విన్నాడు. మా ఇంజినీర్లెవరూ అడగనంత తెలివైన ప్రశ్నలు రెండు అడిగాడు. పంచాంగం తీసి, "గింతదానికి పరేషాన్ ఎందుకమ్మా? పదకొండు గంటలకు వృశ్చిక లగ్నం ఉన్నది. స్థిర లగ్నం. నిజం జెప్పాల్నంటే గదే ఇంక మంచిది. మీ సారే మధ్యాహ్నం గావాలె, మంత్రిగారికి భోజనం టైముకు కుదరాలె అన్నడు" అన్నాడు.

నేను ఎగిరి గంతేసి, రిక్షా చేసుకుని పెద్దసారు ఇంటికి పోయాను. ఆయన మొత్తం విని, జాలిగా చూసి, "కార్డులు అచ్చేయించామమ్మా" అన్నాడు. దేవుడితో మాట్లాడి ఒప్పించి వచ్చినా ప్రింటింగ్ ప్రెస్సు ముందు ఓడిపోయాను. ఢిల్లీ అధికారికి చెబితే అయినా పని అవుతుందేమోనని గెస్ట్‌హౌసుకు పోయాను. "సూర్యుడు రోజూ ఉంటాడు కదా, రోజూ ఫోను పని చేస్తోంది కదా?" అన్నాడాయన. ఆయన అడిగిన తీరు చాలా మర్యాదగా ఉంది, అదే ఇంకా బాధ.

తెల్లారి మా టెక్నీషియన్ ఒక ఉపాయం చెప్పాడు. "బిడ్డా, పొద్దుగాల్నే నర్సమ్మ మాటలు టేప్ చేసి పెడుదాం. మంత్రి ఫోన్ ఎత్తంగనే టేప్ తిప్పుత. ఎవనికి ఎరుక?" నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. "మంత్రిగారు ఏమన్నా అడిగితే?" అన్నాను. "ఏమడిగినా 'మీ దయ సార్' అన్నట్టు టేప్ చేద్దాం. గంతకంటె వేరే జవాబు ఎందుకస్తది?" అన్నాడు. నవ్వాను గాని ఒప్పుకోలేదు.

నా ఆశంతా ఒకదాని మీదే పెట్టుకున్నాను. మంత్రి కదా, ఆలస్యంగా వస్తాడు. ఈ దేశంలో ఏ మంత్రి సమయానికి వచ్చాడు? పావుగంట ఆలస్యమైతే చాలు, నేను గెలిచినట్టే. సర్వీసంతా నాయకుల ఆలస్యాన్ని తిట్టుకున్నదాన్ని, ఆ రోజు మొదటిసారి దాని కోసం దండం పెట్టుకున్నాను.

ఆయన పన్నెండుకే వచ్చాడు.

గేటులో కారు ఆగేసరికి బ్యాండువాళ్ళు ఇంకా టీ తాగుతున్నారు. "నేను టైం అంటే టైం" అని నవ్వుకుంటూ దిగాడు. ఎంత మంచి మనిషి! ఆ క్షణాన ఆయన్ని ఏం చేయాలనిపించిందో చెప్పను. దండలు వేశారు, కొబ్బరికాయ కొట్టారు, శిలాఫలకం మీది తెర లాగారు. దాని మీద బంగారు రంగు అక్షరాల్లో మంత్రిగారి పేరు, పన్నెండు గంటల ఇరవై ఆరు నిమిషాలకు ఈ కేంద్రం ద్వారా అటవీ ప్రాంతానికి మాట కలిసిన సంగతి చెక్కి ఉన్నాయి. కలవక ముందే చెక్కి ఉన్నాయి. నేను కిటికీలోంచి డిష్ వైపు చూశాను. నీడ మెల్లగా నడిమికి జరుగుతోంది.

పెద్దసారు గడియారం చూసి తల ఊపాడు. మంత్రిగారు ఫోను ఎత్తారు. అందరూ వినాలని గదిలోనూ షామియానాలోనూ పెద్ద స్పీకర్లు పెట్టించారు. వాటిలోంచి సముద్రం హోరులాంటి చప్పుడు ఒక్కటే వచ్చింది. ఆ హోరు అడుగున ఎక్కడో, గోడ అవతలి మాటలా, ఒక ఆడగొంతు.

"హలో! హలో! ఎవలు? జర గట్టిగ మాట్లాడుండ్రి!" అని మంత్రిగారు అరిచారు. హోరు పెరిగింది. ఆయన ఫోను వైపు చూసి, పెద్దసారు వైపు చూసి, ఫొటోగ్రాఫరు వైపు చూసి, చివరికి చెవికి ఆనించుకుని చిరునవ్వు నవ్వారు. ఫ్లాష్ వెలిగింది. ఫోను పెట్టేసి, "మిగతాది మావోళ్ళు చూసుకుంటరు" అని ఉపన్యాసానికి షామియానాలోకి పోయారు. అందరూ ఆయన వెంట పోయారు, షామియానాలోని స్పీకర్లను ఉపన్యాసం మైకుకు కలిపేశారు. పెద్దసారు గుమ్మంలో ఆగి, "ఏమైందమ్మా?" అన్నాడు.

"సూర్యనారాయణమూర్తి, సార్" అన్నాను.

ఢిల్లీ అధికారి చేతిని గాలిలో ఒకసారి పెట్టె మూసినట్టు ఊపి వెళ్ళిపోయాడు. గదిలో టెక్నీషియనూ నేనూ మిగిలాం. నాకు ఏడుపు వచ్చింది. దుఃఖంతో కాదు, ఒళ్ళుమంటతో. ఇదంతా తెలిసి, ముందే చెప్పి, చూపించి, పంతుల్ని కూడా ఒప్పించి, ఇప్పుడు ఆ నర్సుకు ఏం చెప్పాలి? సముద్రం హోరు వింటూ కూర్చున్నాను. మెల్లగా అది తగ్గడం మొదలైంది. కొంచెం కొంచెంగా, తర్వాత ఒక్కసారిగా.

"...ఎవలన్నా ఉన్నరా? మేడం! ఓ మేడం! సచ్చిండ్రా అందరు?"

అంతసేపూ అరుస్తూనే ఉంది పాపం. నేను మైకు లాక్కున్నాను. "ఉన్నానమ్మా, చెప్పు!"

"డాక్టర్‌సారుని పిలువుండ్రి! బాలింతకు మాయ పడుతలేదు, నెత్తురు ఆగుతలేదు. పిల్ల మంచిగనే ఉన్నది. తల్లి తెల్లగ అయితాంది. సారు జీపేసుకొని మీ ఫంక్షన్‌కే వచ్చిండు మేడం!"

అదీ సంగతి. అడవిలో దవాఖానకు ఫోను వచ్చిన శుభసందర్భంగా, ఆ దవాఖాన డాక్టరునూ, జీపునూ, డ్రైవరునూ చప్పట్లు కొట్టడానికి వరంగల్లు పిలిపించారు.

నేను షామియానాలోకి పరుగెత్తాను. మంత్రిగారు అడవి బిడ్డల ఆరోగ్యం గురించే మాట్లాడుతున్నారు. ఆయనకూ జనానికీ మధ్యలోంచి అడ్డంగా నడిచి, రెండో వరసలో ఉన్న డాక్టరు ముందు నిలబడి, "లేవండి" అన్నాను. "ఉపన్యాసం..." అని గొణిగాడు. "మీ దవాఖానలో మనిషి పోతోంది, లేవండి!" అన్నది ఎంత గట్టిగా అన్నానో గాని, మంత్రిగారి మాట కూడా ఆగింది. పెద్దసారు నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే.

డాక్టరు కుర్రవాడే. గదిలోకి వచ్చి రొప్పుతూ మైకు పట్టుకున్నాడు. అవతల ఆయా ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడితే, నర్సు లోపలి నుంచి అరిచి చెబుతోంది. ప్రారంభోత్సవం కోసం అక్కడ కూడా పెద్ద స్పీకరు పెట్టారు కాబట్టి డాక్టరు మాట నర్సుకు కాన్పు గదిలోకి వినపడుతోంది. ఆ ఉత్సవం వల్ల జరిగిన మేలు అదొక్కటే.

"ఇంజెక్షన్ ఇచ్చినవా?"

మాట పైకి పోయి, దిగి, జవాబు మళ్ళీ పైకి పోయి దిగేదాకా డాక్టరు మైకును రెండు చేతులతో పట్టుకుని ఆగాడు.

"ఇచ్చిన సార్. ఆగుతలేదు."

"పొట్ట మీద చెయ్యి పెట్టి గట్టిగ రుద్దు. గట్టిపడ్తాందా?"

"జర పడ్తాంది... మల్ల మెత్తగైతాంది."

"ఇగ లోపటికి చెయ్యి పెట్టి తియ్యాలె."

ఈసారి ఆలస్యం ఉపగ్రహం వల్ల కాదు. తర్వాత నర్సు గొంతు చిన్నగా వచ్చింది. "నేనెన్నడు చెయ్యలే సార్."

"నేను చెప్త. నువ్వు చెయ్యి. నేను ఎక్కడికి పోను, ఈడ్నే ఉన్న."

షామియానా నుంచి ఉపన్యాసం మళ్ళీ మొదలై కిటికీలోంచి వస్తోంది. మా టెక్నీషియన్ లేచి కిటికీ రెక్కలు దభీమని మూశాడు. డాక్టరు ఒక్కొక్క మాట చెప్పి ఆగుతున్నాడు. నర్సు చేసి చెబుతోంది. నేను మీటర్ల మీద నుంచి కళ్ళు తీయలేదు. సిగ్నల్ గట్టిగా, నిలకడగా ఉంది. దాన్ని అలా ఉంచడానికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయినా, చూపు తిప్పితే పడిపోతుందేమోనని భయం.

"వచ్చింది సార్" అంది నర్సు. తర్వాత చాలాసేపటికి, "ఆగింది. గట్టిపడ్డది. నీళ్ళు అడుగుతాంది" అంది. ఆయా ఫోనులో, "నర్సమ్మ ఏడుస్తాంది సారూ, ఏం గాలే, మంచిగనే ఉన్నరు ఇద్దరు" అని చెప్పింది. డాక్టరు బ్యాటరీ పెట్టె మీద కూలబడి, మెడలోని బంతిపూల దండతోనే మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు చూశాను, ఢిల్లీ అధికారి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెలుగు రాకపోయినా జరిగింది ఏమిటో ఆయనకు అర్థమైంది. మొహం మెత్తబడింది. హమ్మయ్య అనుకున్నాను.

"ఇప్పుడు బాగా పని చేస్తోందే. అప్పుడెందుకు చేయలేదు?" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. సూర్యుడు, ఉపగ్రహం, నీడ.

ఆయన విచారంగా తల ఊపాడు. "నమ్ముతున్నాను. కానీ రిపోర్టులో సూర్యుడని ఎలా రాయను? ప్రారంభోత్సవం వేళ పని చేయలేదు. షరతు అదే కదా." వారంలోగా సెట్టు విప్పి పంపించమని చెప్పి భోజనానికి పోయాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు. చూస్తే ఎవరినో ఒకరిని కొడతానేమోనని ఇంటికి నడిచే పోయాను.

మరునాడు పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి పెద్దసారు బల్ల మీద పేపర్లు పరిచి ఉన్నాయి. అన్నిట్లోనూ ఒకే ఫొటో, చెవికి ఫోను ఆనించుకుని నవ్వుతున్న మంత్రి. కింద వార్త: మంత్రిగారు ఉపగ్రహం ద్వారా ఏటూరునాగారం నర్సుతో ముచ్చటించి యోగక్షేమాలు విచారించారు. మాట స్వచ్ఛంగా, స్పష్టంగా వినిపించింది. నర్సు ఆనందబాష్పాలతో ప్రభుత్వానికి కృతజ్ఞతలు తెలిపింది.

"ఇది ఎవరు రాశారు సార్?" అన్నాను.

"మనమే. మొన్న సాయంత్రమే వార్త బస్సులో హైదరాబాదు పంపించేశాం, నిన్న ఫొటో ఒక్కటే పోయింది. లేకపోతే వాళ్ళకు టైముకు అందదు కదమ్మా" అన్నాడాయన, నాకు లోకజ్ఞానం లేనట్టు.

ఢిల్లీ అధికారి కూడా గెస్ట్‌హౌసులో ఇంగ్లీషు పేపరు చదివాడు. అప్పటికే మంత్రిగారు ఆయన్ని పిలిపించి భుజం తట్టాడట. నర్సుతో తాను మాట్లాడిన ముచ్చట మంత్రిగారు పొద్దున్నుంచీ వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారట. పేపరులో చదివాక ఆయనకే నిజంగా మాట్లాడినట్టు గుర్తొచ్చిందో ఏమో! మంత్రి మాట్లాడిన ఫోను పని చేయలేదని రాసే అధికారి అప్పటికీ పుట్టలేదు, ఇప్పటికీ పుట్టలేదు. మధ్యాహ్నానికి ఉత్తర్వు వచ్చింది. సెట్టు ఏటూరునాగారంలోనే ఉంటుంది.

నేను లెక్క కట్టిందీ, చూపించిందీ, బతిమాలిందీ, అడవిలో ఒక తల్లి బతికిందీ ఏవీ ఆ సెట్టును నిలబెట్టలేదు. జరగకముందే రాసిన అబద్ధం నిలబెట్టింది. సంతోషించాలో నెత్తి కొట్టుకోవాలో తెలియక నిలబడితే, పెద్దసారు కుర్చీలోంచి లేచి వచ్చి, నా తల మీద చెయ్యి వేసినంత ప్రేమగా అన్నాడు: "చూశావా అమ్మాయ్, ముహూర్తబలం!"

పేపరు బస్సులో ఏటూరునాగారం చేరేసరికి ఇంకో రోజు పట్టింది. నర్సు ఫోను చేసింది. "మేడం, నేను మంత్రిగారికి థ్యాంక్స్ చెప్పిన్నట. కండ్లల్ల నీళ్ళు తీసుకున్నట."

"చెప్పలేదా?"

"నేను మిమ్ముల తిట్టుకుంట ఉంటి! గా సప్పుడు ఏంది మేడం అసలు?"

ఆమెకు చెప్పాను. నీడ సంగతి కూడా చెప్పాను. చెప్పి ఆగాను. ఆమె ఒక్కసారి విన్నది, ఒక్క ప్రశ్న అడిగింది: "మల్ల ఎప్పుడస్తది?" నా సర్వీసులో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేను.

ఆ డిష్ అక్కడ చాలా ఏళ్ళు పని చేసింది. ఏటా రెండుసార్లు ఆ రోజులు వచ్చినప్పుడు నేను బయటికి వెళ్ళి నీడ నడిమికి రావడం చూసేదాన్ని. మాట కలిసిన సమయమని చెక్కిన శిలాఫలకం నా వెనకే ఉండేది. దసరా దగ్గర్లో అయితే దాని మీద రాసిన నిమిషానికే మాట తెగేది. లోపల ఫోను మోగేది, హోరు ఇంకా మొదలుకాక ముందే. ఏటూరునాగారంలో కాన్పు గది సర్ది, మందులు దగ్గర పెట్టుకుని, డాక్టరును ఎక్కడికీ పోనివ్వకుండా కూర్చోబెట్టి, నర్సు ప్రతిసారీ ముందే చెప్పేది:

"మేడం, మంత్రిగారి టైమయింది. ఫోన్ పెట్టేస్తాన్న. ఆయన పోయినంక మాట్లాడుదాం."